పెన్సిల్ అంకె

హాజరు పట్టీలో నా పేరుకి గడి లేదు.
వెనక అట్ట లోపలివైపు, టీ ఖాతా కింద
రోజూ తొమ్మిదింబావుకి సంతకం పెడతాను.
"నువ్వు జమలోకీ రావు, ఖర్చులోకీ రావమ్మా,"
అంటారు డిస్పాచ్ బల్ల దగ్గర సూరంపూడి మాష్టారు,
నవ్వుతూనే.

అమలాపురంలో ఎర్రవంతెన దాటాక
మేడమీద మూడు గదుల సర్కారు సలహా సంస్థ.
సలహాలన్నీ గోనెసంచుల్లో ఉన్నాయి.
ఎలకలకి పాతవే ఇష్టం.
కొత్తవాటి కాగితం మరీ నునుపు, పళ్ళకి అందదుట.

మొదటి నెలంతా నకళ్ళు తీశాను,
పేజీలకి నంబర్లు వేశాను,
"ముంపు" అని ఉన్నచోటల్లా
"నీటి నిలవ" అని దిద్దాను.
నూట నలభై రెండు చోట్ల.

ఇవాళ, మొదటిసారి, బయటి పని.
జీపు ఉంది, డీజిల్ లేదు.
షేర్ ఆటోలో అడ్డంగా స్టాఫ్ కర్ర,
బయటికొచ్చిన కొసకి ఎర్రగుడ్డ.
దానికీ ఓ మనిషి ఛార్జీ అడిగాడు డ్రైవరు.
ఇచ్చాం.

కర్ర పట్టేది పలివెల ఏసుబాబు.
పదహారేళ్ళుగా దినకూలీ.
నాకంటే ఒక మెట్టు కింద అనుకున్నాను,
లెక్కేస్తే రోజుకి నాకన్నా ఎనభై ఎక్కువ.
డ్రైను గట్టు మీద
నేలని మడమతో చదువుతాడు.
"అక్కడ దిగబడతారండి, ఆయ్,"
అంటాడు.
దిగబడ్డాకే నమ్ముతాను.

లాకు గోడమీద బాణం గుర్తు, పాత బెంచిమార్కు.
దానిమీద ఎవరివో రొయ్యపప్పు ఆరుతోంది.
చేటలోకి ఎత్తి, గురి చూసి,
మళ్ళీ ఆరబోశాం.

మా పరికరం తాతల నాటిది.
లోకాన్ని తలకిందులుగా చూపిస్తుంది:
కింద ఆకాశం,
పైన ఏసుబాబు బురద కాళ్ళు,
మధ్యలో గబ్బిలాల్లా అంకెలు.
ఒకప్పటి వరిచేలల్లో ఏరేటర్లు
నీళ్ళని చిలుకుతున్నాయి, వెన్న రాని చిలుకుడు.
పెన్నుతో రాయబోతే ఆపాడు:
"పెన్సిల్ అయితే మేలండి.
సిరా తడిస్తే పోద్ది."

ఆఖరి గురి మొగ దగ్గర, సత్తెవేణి గారి గుమ్మం.
టీ ఇచ్చింది. కొన్న నీళ్ళతో పెట్టిందని
గ్లాసు ఖాళీ అయ్యాక చెప్పింది.
ద్వారబంధం మీద బొగ్గుగీతలు, ఒకదానిపైన ఒకటి.
"మీ అబ్బాయి బాగా ఎదిగాడే!" అన్నాను.
"అబ్బాయి కాదమ్మా, పోటు.
ఏటా కార్తీక పున్నమికి గీస్తాను."
పై గీత నా మోకాలి చిప్ప దాటింది.
నీళ్ళు పెరిగాయా, ఇల్లు దిగిందా?
అడిగేశాను, అడక్కూడదని తెలియక.
"అది మీరు కదా చెప్పాలి.
కర్ర పట్టుకొచ్చింది మీరాయె."

మధ్యాహ్నం ఫ్యాను కింద లెక్క.
వెనకచూపులన్నీ కూడి
ముందుచూపులన్నీ తీసేస్తే
మిగిలేదే ఎత్తు.
మిగిలింది.
పాత రిపోర్టు కంటే జానెడు తక్కువ.

ఇంజినీరు భమిడిపాటి గారు కళ్ళజోడు తీశారు.
"తప్పు పోయుంటుంది. ఇంటర్న్‌లకి మామూలే."
మళ్ళీ కట్టాను. మూడోసారీ కట్టాను.
బయల్దేరిన గుర్తుకే తిరిగొచ్చి చేరితే
తేడా నాలుగు మిల్లీమీటర్లు.
ఒక వరిగింజ మందం.
ఆయన నా పుస్తకం వంక చాలాసేపు చూశారు,
చాలాసేపు కిటికీ వంక.
ఆయనది కాట్రేనికోన అని అప్పుడు నాకు తెలీదు.
"సరే. అంకె ఉంచు.
పెన్సిల్‌తోనే ఉంచు,"
అన్నారు.

చెరపడానికి వీలుగానా,
తడిసినా పోకుండానా?
ఆయన చెప్పలేదు.
రబ్బరు మాత్రం నా బల్లమీదే వదిలేసి
టీకి వెళ్ళారు.

సాయంత్రం, చెప్పుల బురద పెళ్ళలుగా రాలుతుంటే,
అట్ట లోపల, టీ ఖాతా కింద
సంతకం పెట్టాను.
మాష్టారు పెన్ను చాపారు.
వద్దన్నాను.