అయితే

కనజావాలో వాన పడని రోజు తక్కువ.
నేల కింద మూడో గదికి మాత్రం వాన సంగతి తెలియదు.
పొద్దున ఏడింటికి దీపాలు వాటంతటవే వెలుగుతాయి,
రాత్రి ఏడింటికి ఆరిపోతాయి.
ఆ మధ్యలో నేను
బూట్లకు సంచులు తొడుక్కుని
పంజరాల్లో పరుపులు మారుస్తాను.
రంపపు పొట్టు వాసన ఎలా ఉంటుందో మర్చిపోయాను.
నలభై ఏడో ఏట వచ్చిన జ్వరం
పోతూ పోతూ నా ముక్కును వెంట తీసుకెళ్ళింది.
ఎలుకల గదికి ఇంతకన్నా ఏం అర్హత కావాలి
అని నవ్వుతారు తోటివాళ్ళు.
నేనూ నవ్వుతాను.

నగుమో కుర్రాడు, పట్టా ఇంకా చేతికి రాలేదు,
ఒకసారి కాగితపు తువ్వాలు మీద గీసి చూపించాడు.
పొడుగాటి గీత, దాని మీద రెండు గుర్తులు.
"ఈ రెంటి మధ్యా ఉన్నది ఒక ఎంజైము రాత, తోకికో గారూ.
అది ట్రిప్టోఫాన్‌ను కొరుక్కు తినేస్తుంది.
ఆ మేత అందని కాపలా కణాలు
కత్తులు దించి కూర్చుంటాయి."
ఎక్కడ, అన్నాను.
"తల్లి కడుపులో. బిడ్డ చుట్టూ.
బిడ్డలో సగం పరాయిదే కదా,
ఒళ్ళు దాన్నెందుకు తరిమెయ్యదు?"

ఇద్దరిని కన్నాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
పరాయి సగం సంగతి
వాళ్ళు పెద్దయ్యాక తెలిసింది.

మొదట ఆ రాతను పుట్టకముందే చెరిపేసిన ఎలుకల్ని తెచ్చారు.
అవి హాయిగా ఈనాయి, ఏడేసి, ఎనిమిదేసి.
నగుమో మొహం వాడిపోయింది.
ఎన్నడూ ఎరగనిదాన్ని వెతుక్కోదు ఒళ్ళు,
వేరే దారి వేసుకుని ఉంటుంది అన్నాడు.
కాబట్టి ఈసారి
ఉంచి, తీయాలి.
పెరగనిచ్చి, అలవాటు పడనిచ్చి,
ఒకే రకం కణంలో, ఒకే వారంలో.

ఆ కణమే అయితే,
మందు పడితే,
లోపలి కత్తెర నిద్రలేస్తే,
గుర్తులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని
మధ్యనున్నది జారిపోతుంది.
ఒక్క 'తే' తప్పినా
ఎలుక మామూలు ఎలుకే.

మందు మొక్కజొన్న నూనెలో కరుగుతుంది, రాత్రంతా ఊగుతూ.
ఐదు రోజులు పట్టుకున్నాను నేనే,
మెడ మీది తోలు రెండు వేళ్ళ మధ్య,
నా బొటనవేలి కింద పరుగెత్తే గుండె.
తొడుగు మీద ఒక పచ్చటి చుక్క వదిలేది.

పుట్టుకతోనే వాసన తెలియనివాళ్ళు ఉంటారట.
వాళ్ళ వంటగది వాళ్ళకు నిండుగానే ఉంటుందేమో.
నేను మాత్రం మూత తీసి
మిసో పులుసు ఆవిరి మీద మొహం పెట్టి
కాసేపు అలాగే నిలబడతాను.
ఉంచి తీయడమంటే ఏమిటో
నాకు తువ్వాలు మీద గీయక్కర్లేదు.

మూడువందల పద్దెనిమిది:
ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవికి ఒకటి.
పద్దెనిమిదో రోజున దూది పీకి గూడు కట్టింది,
నేనిచ్చింది చాలక పక్కదాని దూది కూడా లాక్కుంది.
ఎల్లుండి పొద్దున చూస్తే
నాలుగు. గులాబి రంగులో, కళ్ళు తెరవకుండా,
పొట్టల్లో పాలు తెల్లగా కనబడుతూ.
తరవాత లోపల చూసినప్పుడు
ఇంకో మూడు మచ్చలు, వచ్చి వెళ్ళినవాటివి.
కత్తెర లేని దాని చెల్లెలికీ ఐదే పుట్టాయి.
మరి ఏమనుకోవాలి?
"ఇంకా చెప్పలేం" అన్నాడు నగుమో.
"సంఖ్య చాలదు."
చాలదన్నమాటే పుస్తకంలో రాశాడు, తేదీ వేసి.

నవంబరులో కట్టడం వెనక రాయి దగ్గర నిలబడ్డాం,
ఏడాదికోసారి వాటికోసం నిలబడతాం.
డీను గారు పేర్లు లేనివాళ్ళకు కృతజ్ఞతలు చదివారు.
నగుమో గొడుగు మర్చిపోయాడు, లేదా తెరవలేదు.
నా వంతు రాగానే చామంతి పెట్టాను,
కొంచెం దూది కూడా, ఎవరూ చూడకుండా.
పెట్టేముందు పువ్వును ముక్కు దాకా తెచ్చుకున్నాను.
చెయ్యికి ఇంకా తెలియదు.

మెట్లు దిగుతుంటే నగుమో అడిగాడు:
సోమవారం పదకొండు పంజరాలు ఎక్కువొస్తాయి, చోటుందా?
పై అర తుడిస్తే
ఉంటుందన్నాను.