మడమల గుర్తులు

నేను వెళ్ళింది విల్లు కోసం.
కర్రసాము సైదయ్య మూడు నెలలు
ఉత్త చేతులతో నిలబెట్టాడు
భవానీపురం కరకట్ట కింద, ఇసుకలో,
పాలవాళ్ళ సైకిళ్ళు ఇంకా రాని వేళ.
"చేతులు బొంకుతాయమ్మాయ్,
పాదాలకి ఆ తెలివి లేదు."

వెదురు విల్లు ఆయనే వంచేవాడు
పొయ్యి మీది చూరులో ఆరేసి.
నారి లాగుతూ భుజం లేపానా,
కర్ర కొనతో చిన్న పోటు.
"వీపు మీద ఈగ వాలిందనుకో.
చేత్తో తోలకు.
రెండు రెక్కల మధ్య నలుపు."

నలపడానికి ఏడాది పట్టింది.

బ్యారేజీ గేట్లెత్తిన పొద్దున
నీళ్ళ హోరులో మాటలు అందలేదు.
అటు ఆయన కర్ర తిప్పుతున్నాడు.
ఇటు నేను నారిని దవడ దాకా తెచ్చాను.
కొడుకు నుదుటికి బెత్తెడు దూరంలో
కర్ర గాలిలోనే ఆగింది.
అదే ఊపిరిలో
నా వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

బాణం గడ్డిమోపు దాటి
కృష్ణలో పడింది.

ఆయన అటు చూడనే లేదు.
వంగి, నా మడమల గుంటలు వేలితో తడిమి
"చెదరలేదు" అన్నాడు.

ఆ పూట బండి దగ్గర
నాకు రెండిడ్లీలు ఎక్కువ.
బాణం ఖరీదు మాత్రం
ఖాతాలో రాసుకున్నాడు.