ఖాళీ కాంట

పొద్దుగాల రూమ్ తాళం తీసి స్విచ్ వేస్తే
లారీ లేదు, ట్రాక్టర్ లేదు,
కుక్క కూడ అటు నడవలే.
కాంట మీద నలభై కిలోలు.

ఓదెలు మోకాళ్ల మీద వంగి సందులకు టార్చి కొట్టిండు.
"కింద ఏందో ఇరికింది మేడం, ప్లేటు లేపాలె."
లేపాలంటే కాయితం మీద ఇద్దరి సంతకాలు కావాలె.
పెద్దసేటు పెట్టింది చిన్నసేటు కొట్టేసిండు.
చిన్నసేటు పెట్టింది పెద్దసేటు చింపేసిండు.
అయినా
నిండు బండిల నలభై, ఖాళీ బండిల నలభై,
తీసేస్తే లెక్క సరిపోతది.
అందుకే ఎవరికీ పట్టలే.

పరకాల రోడ్డు మీద మా జిన్నింగ్ మిల్లు.
గేటు ఒక్కటే.
పెద్దసేటు ఫోన్ల అంటడు:
తేమ ఉన్నది, క్వింటాలుకు మూడు కిలోలు తరుగు తియ్యి.
ఆ ఫోన్ పెట్టకముందే
చిన్నసేటు మనిషి కిటికీల మొకం పెట్టి
గుప్పెడు కూడ తియ్యొద్దు, మార్కెట్ల పేరు పోతాంది అంటడు.
పొద్దుమూకినంక ఇద్దరూ నన్నే అడుగుతరు,
ఎవరు చెప్తే చేసినవని.

హాజరు పుస్తకాలు రెండు, ఎర్రట్టది, నీలపుది.
భయానికి రెండిట్లా సంతకం పెట్టిన నెల
రెండిట్ల నుంచీ జీతం రాలే.
దసరాకు బోనస్ బదులు
రెండు క్యాలెండర్లు వచ్చినయ్, ఎవరి ఫొటో వాళ్లది.
నా గదిల మేకు ఒక్కటే.
మేనేజర్ సదానందం సారు
ఆ మేకు దిక్కు చూసి, బీపీ గోళీకి జేబు తడుముకున్నడు.

ప్రెస్సు కాడ సమ్మక్క దుమ్ముల దగ్గుకుంట
"వాళ్లు ఆస్తి పంచుకుంటాండ్రు, మనకు దగ్గు పంచిండ్రు" అన్నది.
ఆ మాటకు నవ్వొద్దనుకున్న.
నవ్విన.

మొన్న రాత్రి పదకొండింటికి
లాల్యా నాయక్ ట్రాక్టరొచ్చింది, భూపాలపల్లి దిక్కు తండ నుంచి.
ఇంజన్ పక్కన గోనెసంచి కప్పుకొని
చిన్నపిల్ల నిద్రపోతాంది.
ఫోన్ మోగింది. ఎత్తలే.
కిటికీ కొట్టిండ్రు. తియ్యలే.
తరుగు గడి ఖాళీగ విడిచి ప్రింటు కొట్టిన.
లాల్య చీటీని బల్బు కింద తిప్పి తిప్పి చూసి
"ఏమన్న మర్శినవా మేడం?" అన్నడు.

తెల్లారి
మూడేండ్ల తర్వాత మొదటిసారి
సేట్లిద్దరూ ఒక్క గదిల కూసున్నరు.
ఒకే టీ కెటిలు, ఒకే పెన్ను.
నా చేతికి మెమో ఇచ్చిండ్రు.
కింద రెండు సంతకాలు,
ఒకదాని పక్కన ఒకటి, ఎంత ముద్దుగ ఉన్నయో.

బయట ఓదెలు
కాయితం మీద ఆ జంట సంతకాలు దూరం నుంచే చూసి
జాకీ భుజానేసుకొని ఉరికొచ్చిండు.
"ప్లేటు లేపుమన్నరా మేడం?"