ఖాళీకి రెండు పూతలు

ఫ్లెక్సులొచ్చినాక నా కుంచెకు మిగిలింది
బండి నంబర్లూ, బడి గోడమీద సూక్తులూ.
అట్లాంటిది, మొన్న శుక్రవారం
గ్రీమ్స్‌పేట చెంగల్రాయుడు ఆటో దిగి
నాలుగడుగుల టేకు చెక్కను
నా కొట్టు మెట్టుకు ఆనించినాడు.

"పేర్లు రాయాల దస్తగిరీ.
చేత్తోనే రాయాల."

ఎవరి పేర్లు సామీ, చందాలిచ్చినోళ్లవా?

"రాయబారులవి."

మా పక్క రాయబారి అంటే
వీధినాటకంలో అట్టకిరీటం పెట్టుకొని
యుద్ధమొద్దని తెల్లవార్లూ గొంతు చించుకొని
తెరవెనక్కి పోయి బీడీ అంటించుకొనే
లైన్‌మన్ మునెప్పే.
ఈయన చెప్పేవాళ్లు వేరే.
ఏడాదికి ఏడునెలలు మంచు కురిసే దేశంలో
మన జెండా కింద కూచున్నోళ్లు.
ఆ బంగ్లాలో ముప్పైయొక్క ఏండ్లు
ఈయన టపా మోసినాడు, బొగ్గుపొయ్యి రాజేసినాడు.
హాల్లో ఇట్లాంటి చెక్కే ఒకటి ఉండేదంట.
కొత్త బంగ్లాకు మారేటప్పుడు
విరిగిన కుర్చీల్తో కలిపి వేలం పాడేసినారంట.

నల్లరంగు పూసి, ఆరబెట్టి,
సుద్ద రాసిన దారంతో గీతలు కొట్టినా.
ఆయన కండ్లు మూసుకొని చెప్తా వచ్చినాడు.

మొదటాయన హరిశరణ్ మాథుర్.
"ఇది నేను విన్నమాట:
ఓడ దిగి, రైలు దిగి, తొమ్మిదోనాడు గేటు చేరితే
తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.
ట్రంకుపెట్టె మీద కూచోనే
ఢిల్లీకి తొలి ఉత్తరం రాసినాడు."

రెండు, బిపిన్ లాహిరి.
ఆ దేశం మాట నేర్చింది ఈయనొక్కడే.
ముల్లంగి బేరమాడేదానికి నేర్చుకుంటే
దాంతోనే రెండు ఒప్పందాలు కుదిరినాయంట.

మూడో పేరు చెప్పి ఊరకుండిపోయినాడు.
నేను కుంచె ఎత్తి చూస్తే
"రాయి నాయనా. చెక్కమీద కోపాలు రాయరు."

నాలుగు, గోవిందన్ కుట్టి మీనన్.
లీవుకొచ్చి నేను తీసకపోయిన మామిడితాండ్ర
విందులో పెట్టించినాడంట.
కొరికి చూసిన మంత్రి
ఇది పండా తోలా అని అడిగినాడంట.

అయిదోది రాసినాక, చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఇక్కడ జానెడు వదులు."

ఎందుకు?

"రెండేండ్ల నాలుగు నెలలు ఎవరూ లేరు.
ఈడ ఏదో పట్టింపు, ఆడ ఏదో పట్టింపు.
దొరను వెనక్కి పిలిచినారు.
గుమాస్తాలు విమానమెక్కినారు.
నేనూ, వాళ్ల దేశం తోటమాలి ముసలాయనా మిగిల్నాం."

పొద్దున్నే గేటునుంచి మెట్టుదాకా
పారతో మంచు తోసేవాడంట.
ఎవరొస్తారని? ఎవరూ రారు.
చింతపండు అయిపోతే
ఏవో పుల్లటి అడవిపండ్లు పిసికి రసం కాచినాడంట.
తోటమాలి తాగి ఒక మాటన్నాడంట,
మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తెలీదు.
వీసా కావాలని వచ్చినోళ్లకు చెప్పేదానికి
ఆ భాషలో ఈయనకు వచ్చింది ఒకటే మాట:
రేపు.
ఎనిమిదొందల చిల్లర దినాలు
ఒక దేశం ఇంకో దేశంతో
ఆ ఒక్క మాటే మాట్లాడింది.

ఆరో ఆయన కారు దిగి
దారి శుభ్రంగానే ఉందే అన్నాడంట.
అంతే.

ఏడోది కూడా రాసినాక
బంగారు రంగు గిన్నె అడుగున కొంచెం మిగిలింది.
ఆ జానెట్లో మీ పేరు రాస్తా సామీ,
చిన్నక్షరాల్లో, లెక్కలోకి రాకుండా.

గబుక్కున చెక్క లాక్కున్నాడు.
తడి అక్షరం ఒకటి ఆయన మణికట్టుకు అంటుకుంది.
"టపా మోసినోడు రాయబారి అయితడా?
ఖాళీ ఖాళీగానే ఉండాల."
మళ్లీ కొంచెం మెత్తబడి,
"వార్నిష్ మాత్రం ఆడ రెండు పూతలెయ్యి.
దుమ్ము చేరకూడదు."

చెదిరిన అక్షరాన్ని దిద్ది, వార్నిష్ వేసి
చెక్కను గోడకానించినా.
చీకటి పడే వేళకు కాణిపాకం బస్సు మలుపు తిరిగితే
పేర్లకంటే ముందు ఆ జానెడే మెరిసింది.

మిగిలిన మూడొందలు ఎప్పుడిస్తారు సామీ అన్నా.
ఏదో ఒక మాటన్నాడు,
ఐసుముక్క నమిలినట్టుండే మాట.
అర్థం అడగలేదు నేను.