నా జ

చిత్తూరు, మురకంబట్టు దాటినాక
గుజ్జు ఫ్యాక్టరీ వెనక సందులో
ఒకప్పటి కోడిగుడ్ల గోడౌను మాది.
అద్దె పద్దెనిమిది వందలు, కరెంటు వేరే.
సున్నం కొట్టించినా
వాన పడితే పాత వాసన లేస్తాది,
పిలకాయలు ముక్కు మూసుకుని నవ్వతారు.

ఇరవై మూడు మంది. ఒక్కరికీ అయిదు నిండలేదు.
తలకు రోజుకు పది రూపాయలు.
హుక్కులు కుట్టే దేశమ్మను నేను,
తొమ్మిది దాకా చదివిన పాపానికి
సంఘమంతా కలిసి ఈ లెక్కల పుస్తకం నా మెడకు కట్టింది.

బెంగళూరా కాయ దిగినన్నాళ్లు బాధ లేదు.
తెల్లారి ఆరుకే షిఫ్టు.
తల్లులు చెంగుముడి విప్పి పది నోటు ఇచ్చి
బిడ్డ తల నిమరకుండానే పరిగెత్తేవాళ్లు,
వేళ్ల సందున నిన్నటి సొన ఇంకా ఉందేమోనని.

అముద టీచరు గేటు కాడ పారేసిన టెంకలు ఏరుకొచ్చి
కడిగి, పీచు గీకి, మిద్దె మీద ఆరేసింది.
అవే మాకు లెక్కలు, అవే కార్లు,
జోకొట్టి పండబెట్టే పాపలూ అవే.
రేహాన్ ఒకదానికి వాళ్ల తాత పేరు పెట్టుకున్నాడు.
వానలకు అది కాస్తా మొలకేసింది,
దాని పేరు కూడా అటెండెన్సు పిలవాలని ఒకటే గొడవ.

ఆగస్టులో ఫ్యాక్టరీకి తాళం పడింది.
పుస్తకంలో ఎడమ పక్క తెల్లగా ఉంటే
కుడి పక్క నిండతానే వచ్చింది:
అద్దె. చెనిక్కాయ ఉండలకు బెల్లం. ఫినాయిలు.
చాప కుట్టిన దారం నా ఇంటిది, రాయలేదు.
అముద జీతం మూడు వేలు,
రెండు నెల్లుగా ఆ గడిలో అడ్డగీత.
ఆమె అడగదు.
అడిగినా బాగుండు.

గ్రానైటు లారీల ఓనరు ఒకాయన వచ్చినాడు.
ఏడాది అద్దె నాది,
వాకిట్లో మా నాయన పేరు బోర్డు పెట్టండి అన్నాడు.
దిల్‌షాద్ సరే అనింది, సెల్వి వద్దనింది,
మీటింగు పాలపొంగైంది.
నిజం చెప్తున్నా, నేను సరే అందామనే ఉన్నా.
పేరేమన్నా కొరుకుతుందా?
ఆయన మళ్లా రాలేదు. కొట్లాట మాత్రం మాకు మిగిలింది.

ఆ కోపంలోనే ఒక సోమవారం
బాకీ పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో రాసి
తలుపుకు అంటించినా. సిగ్గుకన్నా కడతారని.
తల్లుల పేర్లు కాదు, పిలకాయలవి,
పుస్తకంలో అట్లనే ఉన్నాయి మరి.
మొదటి వరస: జశ్విక, నాలుగు వందల అరవై.

తొమ్మిదింటికి వచ్చిందా పిల్ల.
నాలుగేండ్లది, చీమిడి ముక్కుది, మాట తక్కువది.
తలుపు కాడ ఆగింది.
వేలితో కాగితాన్ని ముట్టుకుని
"జ" అనింది.
మళ్లా గట్టిగా, "నా జ! అక్కా, నా జ!"

టెంకలు పేర్చి పేర్చి అముద నేర్పిన అక్షరం,
పుట్టినాక అది చదివిన తొలి అక్షరం,
దానికి దొరికింది నా బాకీల కాగితంలో.
వెనకే వాళ్లమ్మ. ఆమెకు చదువు రాదు.
కూతురు ఎగురుతుంటే తానూ నవ్వి,
"బాగా చదివేవాళ్ల పేర్లా అక్కా?" అనింది.

ఏం చెప్పేది.
అవును అన్నా.

సందకాడ దాన్ని పీకబోతే అముద ఆపింది.
కత్తెర తీసుకుని
అంకెలన్నీ వరసగా కత్తిరించి నా చేతిలో పెట్టింది.
బాకీ లేనోళ్ల పేర్లు కింద రాసింది.
చివర్లో మొలకది కూడా.

అంకెలు నా హుక్కుల డబ్బాలో ఉన్నాయి.
అయిదో తేదీ అద్దె.
రాత్రి దీపం కింద లెక్క వేస్తా:
జాకెట్టుకు అయిదు హుక్కులు, హుక్కుకు రూపాయి,
అద్దెకు మూడు వందల అరవై జాకెట్లు.
దసరా వస్తోంది కదా,
ఊరు ఊరంతా కుట్టించుకోకుండా ఉంటుందా.