నాలుగో కాగితం

కెమి రేవులో మంచు పగలగొట్టే ఓడ
రాత్రంతా వెనక్కీ ముందుకీ తిరుగుతుంది.
గ్రంథాలయం మేడ మీది గదిలో
నేను పెన్సిలు చెక్కుకుంటూ
మనుషుల్ని నాలుగు రకాలుగా విడగొడుతున్నాను.

మొదటివాడు గోడ.
దెబ్బలు తినడమే వాడి పని. నలభై ప్రాణాలిచ్చాను.
రెండోది కత్తి.
చీకట్లో ఒక్కసారి దిగి, ఆపైన పరుగే.
మూడోవాడు నిప్పు.
పుస్తకం తెరిస్తే ఊరు తగలబడాలి,
మూస్తే మెట్లెక్కే ఓపిక కూడా వాడికి మిగలకూడదు.
నాలుగోది చెయ్యి.
గాయం మీద పెడితే గాయం మానుతుంది.
అంతే. ఇంకేం రాయాలో తోచలేదు.

లెక్క మాత్రం కుదిరింది.
గోడకు తగిలినంతా చెయ్యి పూడుస్తుంది,
కత్తి కోసినంత నిప్పు కాలుస్తుంది,
తక్కెడ అటూ ఇటూ ఊగి నిలబడింది.
ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

గురువారం ముగ్గురొచ్చారు,
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని:
తైమి, ఓయివా, అతని మేనల్లుడు ఎయెలి.
బల్ల మీద కాఫీ, ఏలకుల రొట్టె,
అంచులరిగిన ఇరవై ముఖాల పాచిక.

నాలుగో కాగితం తైమి వైపు తోశాను.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు ఆమె.
ఇంతకన్నా సరిపోయే మనిషెవరు?

చదివింది. మళ్ళీ చదివింది.
వెనకవైపేమైనా ఉందేమోనని తిప్పి చూసింది.
"పన్నెండు గంటలు ఇదే చేసి వస్తున్నాను," అంది.
"వీళ్ళు కొట్టుకుంటారు, నేను కట్టు కడతాను,
కట్టు ముడి వేసేసరికి నా వంతు అయిపోతుంది.
నీ ఆటలో కూడా నేను నిలబడే ఉండాలన్నమాట."
కత్తి కాగితం లాక్కుంది.
మొదటి తలుపు దగ్గరే
కాపలావాడి జేబు కొట్టేసి పకపకా నవ్వింది.
ఆమె నవ్వు అంత పెద్దదని నాకు తెలీదు.

మరి నాలుగోది?
ఎయెలి పద్నాలుగేళ్ళవాడు, నిప్పు పట్టుకున్నాడు, వదలడు.
ఓయివా ఓడ ఇంజన్ గదిలో మెకానిక్కు,
తలుపంత మనిషి,
చెప్పొద్దూ, గోడను అతని కోసమే రాశాను.
అతను మాత్రం నల్లబడ్డ గోళ్ళతో మెల్లగా
నాలుగో కాగితం తన వైపు జరుపుకున్నాడు.
"ఎవరూ తీసుకోకపోతే నేను..." అన్నాడు, కాఫీలోకి చూస్తూ.

గోడ లేకుండానే గుహలోకి దిగారు.
మూడో మలుపులో తోడేళ్ళు.
నిప్పు తడిసింది, కత్తి విరిగింది,
ఎయెలికి ఒక్క ప్రాణం మిగిలింది.
పాచిక ఓయివా చేతిలో. పదికి పైన పడాలి.
నాలుగు పడింది.

నియమం ప్రకారం గాయం మానదు. తర్వాతి వంతు.
ఓయివా పాచిక ఇవ్వలేదు.
"మానకపోతే మానకపోనీ," అన్నాడు,
"నేను వాడి పక్కన కూర్చోవచ్చా?
తోడేలు వస్తే ముందు నన్నే పట్టుకోవాలి కదా.
అది నీ కాగితంలో ఉందా?"

లేదు.
రేవులో ఎక్కడో మంచు పెళ్ళున విరిగింది.
తైమి కప్పు కింద పెట్టి అతన్నే చూస్తోంది,
తెల్లవారుజామున నాలుగింటికి
వార్డులో రెండో నర్సును చూసినట్టు.

రబ్బరు తీశాను.
'మానుతుంది' అన్నమాట చెరిగింది, గుంట మిగిలింది.
ఆ గుంట మీదే రాశాను:
పక్కన కూర్చుంటాడు.
కూర్చున్నంతసేపూ ఆ దెబ్బ ఇద్దరిదీ.

తక్కెడ చెడింది.
గోడకు ఇక పనేమిటో,
ఆ నలభై ప్రాణాలు ఎవరికి పంచాలో తెలీదు.
తెలిసిందల్లా ఒక్కటే,
పాత్రలు నాలుగూ అంచులదాకా నింపి పెట్టాను.
తెచ్చుకున్నది పోసుకోవడానికి
వచ్చినవాళ్ళకు చోటేది?

"నా మంత్రానికి కూడా అలాంటిదొకటి రాయవా?"
ఎయెలి గొణుగుతున్నాడు.
తైమి బూట్లు తొడుక్కుంటూ
ఆ నాలుగో కాగితం వచ్చే గురువారం ఓసారి చూస్తానంది.
తీసుకుంటానని కాదు.
చూస్తానంది.