ఏడో ల్యాపు

బరాంకియాలో తారు నా మోకాలి తోలు కొంత ఉంచేసుకుంది.
పద్నాలుగేళ్ల చక్రాల బాకీ.

ఇక్కడ, హేరెన్‌వేన్‌లో, మంచు ఏదీ అడగదు.
పడితే జారుకుంటూ పోయి గోడవార మెత్తల్లో తేలతాను.
ఒంటిమీద గీతుండదు. సిగ్గొక్కటే.

"తన్నకు, నయీబె. ఒరుగు, ఆగు" అంటాడు ముసలి చేర్డ్,
నా బ్లేడు అంచున బొటనవేలి గోరు గీసి చూస్తూ.
గోటిపొడి రాలితేనే పదునట.

చక్రం తొందరను క్షమించేది.
ఈ మిల్లీమీటరు ఉక్కు క్షమించదు —
మలుపులో పడిపోతున్నానని తెలిశాక కూడా
ఇంకొక్క లిప్త పడిపోతూనే ఉండాలి.

నిన్న నా జోడీ పదహారేళ్ల పిల్ల.
గీత దాటి, టోపీ వెనక్కి తోసి, నాకోసం ఆగింది.
ఆ మర్యాదే మంట.

ఇవాళ ఏడో ల్యాపులో
మడమ కింద బ్లేడు టక్కున మూసుకుంది.
ఆ చప్పుడు నాదేనని తెలిసేసరికి
సగం మలుపు అయిపోయింది.